టూసాన్‌లో ఒక ముద్ద

మమ్మల్ని అమెరికాకు సాగనంపుతూ మా చెల్లెలు ఒకే ఒక్క కోరిక కోరింది. "భాయిజాన్, అక్కడి కొండలూ కట్టడాలూ చూడకపోయినా ఫరవాలేదు. నా బిడ్డ ఏం తింటున్నాడో మీ కళ్ళతో చూసి రండి." బావగారు కాలం చేసిన నాటి నుండి ఆ ఒక్క కొడుకే ఆమె లోకం. అతడు రెండేళ్ళుగా అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగర విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నాడు. ప్రతి శుక్రవారం ఫోనులో ఆమె అతణ్ణి అడిగే మొదటి ప్రశ్న నమాజు గురించి, రెండవది తిండి గురించి. రెండింటికీ అతడు ఒకే జవాబు చెప్పేవాడు: "అల్హమ్దులిల్లాహ్, అమ్మీ." ఆ జవాబులో రెండవ సగం ఎందుకో కొంచెం తొందరగా వస్తోందని తల్లి మనసుకు తోచింది. ముప్పై ఏళ్ళుగా మద్రసాలో పిల్లలకు ఫిఖ్‌హ్ పాఠాలు చెబుతున్న అన్నను పంపితే నిజం తెలుస్తుందని ఆమె తలచింది.

మేమూ, మా సహధర్మచారిణీ జూన్ మూడవ వారంలో ఫీనిక్స్ విమానాశ్రయంలో దిగాము. అక్కడి నుండి టూసాన్‌కు కారులో రెండు గంటలు. దారి పొడవునా నిలువుగా నిలబడిన సవారో జెముళ్ళు చేతులు పైకెత్తి దుఆ చేస్తున్నట్లు కనిపించాయి. ఈ చెట్టుకు మొదటి కొమ్మ రావడానికే యాభై, డెబ్బై ఏళ్ళు పడుతుందట. ఎండ 40 డిగ్రీలు దాటింది. కర్నూలు ఎండలో పుట్టి పెరిగిన మాకు అది కొత్త కాదు. కాని ఇక్కడి ఎండలో చెమట కనబడదు. ఒంటి మీదికి రాకముందే గాలి దాన్ని తాగేస్తుంది. సీసాలో నీళ్ళు అయిపోయాక గాని దాహం వేసిందని తెలియదు.

ఈ ఊరి భోజనానికి ఒక ప్రపంచ గుర్తింపు ఉంది. 2015 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కో టూసాన్‌ను ఆహార సంస్కృతికి పేరొందిన నగరాల జాబితాలో చేర్చింది. అమెరికాలో ఆ గౌరవం పొందిన మొదటి నగరం ఇదే. నాలుగేళ్ళ తరువాత, 2019లో, మన హైదరాబాద్ అదే జాబితాలోకి వచ్చింది. హైదరాబాద్‌కు ఆ పేరు ఎందుకు వచ్చిందో పాఠకులకు చెప్పనవసరం లేదు. దమ్ బిర్యానీ, హలీం, నహారీ, ఉస్మానియా బిస్కెట్ చాలు. ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని ఈ ఎడారికి ఆ పేరు ఎలా వచ్చిందన్నది మాకు కలిగిన సందేహం. జవాబు దొరికేలోగా ఒక పొరపాటు జరిగింది. దానిని దాచకుండా ముందే చెప్పడం మంచిది.

రెండవ రోజు మేనల్లుడు ప్రయోగశాలకు వెళ్ళాడు. మేమిద్దరమూ ఇంటి దగ్గరి వీధిలో నడిచి, ఒక చిన్న మెక్సికన్ దుకాణం ముందు ఆగాము. పెనం మీద రుమాలీ రోటీ వంటి పలుచని గోధుమ రొట్టెలు కాలుతున్నాయి. పక్కన పెద్ద గిన్నెలో చారల రాజ్మా వంటి గింజలను ఉడికించి మెదిపిన ముద్ద. వాసన ఎంతో కమ్మగా ఉంది. మాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, "నో మీట్?" అని అడిగాము. గల్లా దగ్గరి పెద్దావిడ నవ్వి, గుండె మీద చేయి పెట్టుకొని, "నో మీట్" అన్నది. ఆవిడ అబద్ధమాడలేదు, మా ప్రశ్నే తప్పు. బిస్మిల్లాహ్ చెప్పి చెరొక రొట్టెచుట్ట తిన్నాము. నిజం చెప్పాలంటే, బాగుందని మరొకటి కూడా కట్టించుకొని తెచ్చాము.

సాయంత్రం మేనల్లుడు వచ్చి బల్ల మీది కాగితపు పొట్లం చూశాడు. అతని ముఖం తెల్లబడింది. "మామూజాన్, ఇది మీరు తిన్నారా?" అన్నాడు. "తిన్నాము బేటా, ఇందులో మాంసం లేదన్నారు" అన్నాము. అతడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా చెప్పాడు. ఈ ప్రాంతంలో పాత పద్ధతి ప్రకారం ఆ గింజల ముద్దను పంది కొవ్వులో వేయిస్తారు. దానిని స్పానిష్‌లో మాంతేకా అంటారు. రొట్టె పిండిలో కూడా అదే కలుపుతారు. వారి లెక్కలో అది మాంసం కాదు, వంట నూనె వంటిది.

మా సహధర్మచారిణి లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకున్నది. మేమూ అదే చేసి ఇస్తిగ్‌ఫార్ చదువుకున్నాము. తెలియక చేసిన దానికి పాపం లేదని ఎన్ని వందల మంది విద్యార్థులకు బోధించామో లెక్క లేదు. ఆ రాత్రి ఆ మాట మా కడుపుకు చెప్పడానికి చాలా సేపు పట్టింది.

ఇషా నమాజు తరువాత మేనల్లుడు మా దగ్గరకు వచ్చి కింద కూర్చున్నాడు. "మామూజాన్, నేను వచ్చిన మొదటి నెల రోజులూ అదే తిన్నాను" అన్నాడు. "గదిలో ఉన్న మిత్రులు శాకాహారమే కదా అన్నారు. చవక. రోజూ తిన్నాను. ఒక రోజు వంటగదిలో ఆ డబ్బా చూశాను. తరువాత మూడు వారాలు రొట్టె, అరటిపండ్లు తప్ప మరేదీ ముట్టలేదు. అమ్మీ అడిగిన ప్రతిసారీ హలాలే తింటున్నానని చెబుతున్నాను. ఆ రోజు నుండి అది నిజమే. కాని ఆ నెల సంగతి మాత్రం చెప్పలేకపోయాను."

ఉదయం వరకు ఇటువంటి మాట మా చెవిన పడి ఉంటే ఏమనేవాళ్ళమో తెలుసు. ఎందుకు విచారించలేదు, ఎందుకు అడగలేదు అని గద్దించి ఉండేవాళ్ళం. ఇప్పుడు మా పొట్లం ఇంకా బల్ల మీదే ఉంది. "నీవు ఒక నెలలో తెలుసుకున్నావు. మాకు ఒక పూట పట్టింది, అదీ నీవు చెబితేనే" అన్నాము. తల్లికి చెప్పవలసింది అతడే గాని మేము కాదని కూడా అన్నాము. అతడు తల ఊపాడు గాని మాట ఇవ్వలేదు.

అతని ఫోనులో ఒక పట్టీ ఉంది. ఆ అరటిపండ్ల మూడు వారాలలో మొదలుపెట్టినదట. ఊరిలో ఏ వంటకం ఎలా చేస్తారు, దేనిని గురించి ఏమని అడగాలి అన్నీ అందులో ఉన్నాయి. కొత్తగా వచ్చే ముస్లిం విద్యార్థులకు, మన తెలుగు పిల్లలకు, మరాకష్ నుండీ జకార్తా నుండీ వచ్చే పిల్లలకు దానిని పంపుతూ ఉంటాడు. మిగిలిన పన్నెండు రోజులూ మేము ఆ పట్టీ పట్టుకొనే ఊరు తిరిగాము.

పట్టీలోని మొదటి వాక్యం మా పొరపాటుకు జవాబు లాగే ఉంది. "మాంసం ఉందా అని అడగవద్దు, దేనిలో వేయించారని అడుగు." మాంతేకా అంటే పంది కొవ్వు, తోసీనో అంటే పంది మాంసపు పలుచని ముక్కలు, చోరీసో అంటే సాధారణంగా పంది మాంసపు మసాలా ముద్ద. ఎర్రగా కనిపించే అన్నాన్ని చాలాచోట్ల కోడి మాంసపు రసంలో వండుతారు. కాబట్టి అన్నం గురించి కూడా అడగాలి. గోధుమ రొట్టె కంటె మొక్కజొన్న రొట్టె మేలు. మొక్కజొన్నలను సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, రుబ్బి, ఆ ముద్దతో తట్టుతారు. తాంబూలానికి వాడే సున్నం వంటిదే. నూనెతో వండిన గింజలు కావాలంటే కొన్ని దుకాణాల వారు విడిగా చేసి పెడతారు. అడిగిన వాడికి ఎవరూ కోపపడరని మేనల్లుడి అనుభవం. అడగడానికి సిగ్గుపడిన వాడే నష్టపోతాడని కూడా రాసుకున్నాడు.

ఊరిలో అందరూ మెచ్చుకునే వంటకం సొనోరా హాట్‌డాగ్. పొడవాటి మాంసపు చుట్టకు పంది మాంసం చుట్టి కాల్చి, మెత్తని రొట్టెలో గింజలు, టమాటాలతో పెట్టి ఇస్తారు. ఎల్ గువేరో కనేలో అనే దుకాణానికి దీని కోసమే 2018లో జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. మనకు దానితో పని లేదు. పేరు చెప్పడం ఎందుకంటే, టూసాన్ వెళ్ళిన వారిని ఎవరో ఒకరు తప్పక అక్కడికి పిలుస్తారు.

ఎల్ చారో కెఫే సంగతి వేరు. 1922లో మోనికా ఫ్లిన్ అనే స్త్రీ దీనిని స్థాపించింది. దాని ప్రత్యేకత కార్నె సేకా, అనగా ఎండు మాంసం. గొడ్డు మాంసాన్ని పలుచగా కోసి, నిమ్మరసం, వెల్లుల్లి పట్టించి, కప్పు మీద తీగల పంజరంలో పెట్టి టూసాన్ ఎండకు ఆరబెడతారు. బక్రీదు తరువాత మన ఇళ్ళ మిద్దెల మీద దండేలకు వేలాడే ఉప్పుకండం గుర్తుకు వచ్చి, మా సహధర్మచారిణి ఆ కప్పు వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది. "వీళ్ళు పసుపు వేయరేమో" అన్నది. మేము అక్కడ తినలేదు. గ్రంథ ప్రజల జబీహా విషయంలో ఉలమాల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే. నేటి కర్మాగారపు వధ పద్ధతి తెలియనప్పుడు దూరంగా ఉండడమే మేము పాటించే మార్గం. వేరే అభిప్రాయాన్ని అనుసరించే వారితో మాకు తగవు లేదు.

మరి తినదగినది ఏమిటి? ఆశ్చర్యమేమిటంటే, ఈ నేలకు చెందిన అసలైన తిండిలో మనకు అభ్యంతరమైనది దాదాపు ఏదీ లేదు. పందులనూ, పశువులనూ, గోధుమలనూ ఇక్కడికి తెచ్చినవారు స్పెయిన్ వారు. అంతకు ముందు వేల ఏళ్ళుగా ఇక్కడ సేద్యం చేసిన వారున్నారు. శాంతాక్రూజ్ నది లోయలో 4,000 ఏళ్ళ నాటి సాగు ఆనవాళ్ళు తవ్వకాలలో బయటపడ్డాయి. నేటికీ ఇక్కడ నివసించే తోహోనో ఓఓథమ్ జాతి పేరుకు ఎడారి ప్రజలని అర్థం. టూసాన్ అన్న పేరు కూడా వారి భాషలోనిదే. నల్లని కొండపాదం అని దాని భావం.

వారి ముఖ్యమైన పంట టెపరీ చిక్కుడు. గింజ మన అలసందకంటె చిన్నది. తెలుపు, గోధుమ, నలుపు రంగులలో ఉంటుంది. ఒకటి రెండు మంచి వానలు పడితే చాలు, పండుతుంది. నీళ్ళు ఎక్కువైతే ఆకులు పెరిగి కాయలు తగ్గుతాయట. మన రాయలసీమ ఉలవకు ఇది బంధువేమో అనిపించింది. బంధుత్వం వంశంలో లేకపోయినా స్వభావంలో ఉంది. శాన్ జేవియర్ గ్రామంలోని ఓఓథమ్ ప్రజల సహకార వ్యవసాయ క్షేత్రం దుకాణంలో ఈ గింజలు అమ్ముతారు. మేము అక్కడ రెండు రకాలు కొన్నాము. గోధుమరంగు గింజలను రాత్రంతా నానబెట్టి, మేనల్లుడి చిన్న వంటగదిలో మూడు గంటలు ఉడికించి, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపుతో మా సహధర్మచారిణి వండింది. మట్టి వాసనతో కూడిన ఒక తియ్యదనం ఆ గింజలో ఉంది. మేనల్లుడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. "ముమానీ, రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను, ఇది ఇలా ఉంటుందని తెలియదు" అన్నాడు.

ఈ గింజలకు ఒక విషాద చరిత్ర కూడా ఉంది. గత శతాబ్దంలో నదుల నీరు పైకి మళ్ళిపోయి, సేద్యం చెడిపోయి, ఓఓథమ్ ప్రజలు ప్రభుత్వం పంచిన తెల్ల పిండికి, చక్కెరకు, కొవ్వుకు అలవాటు పడ్డారు. నేడు మధుమేహం అత్యధికంగా ఉన్న జాతులలో వారొకరు. టెపరీ వంటి పాత గింజలు రక్తంలో చక్కెరను నెమ్మదిగా విడుదల చేస్తాయని పరిశోధకులు చూపిన తరువాత, వారిలో కొందరు మళ్ళీ వాటిని పండిస్తున్నారు. జొన్న రొట్టె మాని రేషను బియ్యానికి అలవాటు పడి, ఇప్పుడు వైద్యుడు చెబితే మళ్ళీ జొన్నలు వెదుక్కుంటున్న మా వీధి ఇళ్ళు మాకు గుర్తుకు వచ్చాయి. మా ఇల్లు కూడా అందులో ఒకటి.

ఈ పాత విత్తనాలను కాపాడడానికి 1983లో నేటివ్ సీడ్స్ సెర్చ్ అనే సంస్థ ఏర్పడింది. స్థాపకులలో ఒకరు గ్యారీ పాల్ నభాన్ అనే రచయిత. పేరు వినగానే మాకు నబ్‌హాన్ అనే అరబీ మాట తోచింది. తోచినది నిజమే. ఆయన పూర్వీకులు లెబనాన్ నుండి వచ్చినవారు. అరబ్బు ఎడారికీ ఈ ఎడారికీ గల పోలికలపై ఆయన పుస్తకమే రాశారు.

ఆ పోలికలు దుకాణాల పలకల మీదే మాకు కనిపించసాగాయి. మెక్సికన్ భోజనశాలలో "అల్బోందిగాస్" అనే మాంసపు ఉండల పులుసు ఉంటుంది. అది అరబీ "అల్ బున్‌దుఖా". అన్నం "అర్రోస్", అనగా అర్రుజ్. నూనె "అసెయితే", అనగా అజ్జైత్. చక్కెర "అసూకార్", అనగా అస్సుక్కర్. ఒక పెద్దమనిషి వాన కోసం ఆకాశం చూస్తూ "ఒహలా" అన్నాడు. అర్థమేమని అడిగితే, అలా జరిగితే బాగుండు అని మేనల్లుడు చెప్పాడు. అందులో అల్లాహ్ నామం దాగి ఉందని భాషావేత్తలు అంటారు. అందలూసియాలో ఎనిమిది వందల ఏళ్ళు వినిపించిన భాష అక్కడి నుండి సముద్రం దాటి, ఎవరూ గుర్తుపట్టని వేషంలో ఈ ఎడారి వంటింటిలో పనిచేస్తున్నది. మద్రసాలో సర్ఫ్, నహ్వ్ చెప్పే మాకు ఆ రోజంతా పండుగలా గడిచింది. మా సహధర్మచారిణి మాత్రం, "మాటలు కడుపు నింపవు, పదండి" అన్నది.

కొండపాదాన మిషన్ గార్డెన్ అనే తోట ఉంది. తప్పక చూడదగినది. ఇక్కడ నాలుగు వేల ఏళ్ళలో ఎవరెవరు ఏమేమి పండించారో కాలక్రమంలో నాటి పెంచుతున్నారు. ఒక పక్క దానిమ్మ, అంజూర, బిహీ, ద్రాక్ష, జైతూను. 17వ శతాబ్దం చివర కీనో అనే క్రైస్తవ ప్రచారకుడు ఈ ప్రాంతానికి వచ్చిన తరువాత నాటుకున్న తోటల వారసత్వం అది. తోటలో నీరు పారే చిన్న కాలువ పేరు "అసేకియా". అరబీలో అస్సాఖియా, నీరు పారించేది. దానిమ్మ చెట్టు కింద ఆ కాలువ పక్కన జుహర్ వేళ కూర్చున్నప్పుడు మేము ఏ దేశంలో ఉన్నామో కొంతసేపు తెలియలేదు.

తుమ్మ సంగతి చెబితే మన పల్లెవారు నవ్వుతారు. మన చెరువులనూ పొలాలనూ ఆక్రమించిన సర్కారు తుమ్మ అమెరికా ఖండపు చెట్టే. 19వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. దానికి దగ్గరి చుట్టమైన మెస్కీట్ టూసాన్ వీధులలో నీడనిస్తున్నది. ఇక్కడ దాని కాయలను ఎండబెట్టి, గింజతో సహా మర పట్టించి పిండి చేస్తారు. గోధుమపిండిలో కొంచెం కలిపి రొట్టెలు, బిస్కెట్లు చేస్తే బెల్లం కలిపినంత తియ్యగా ఉంటాయి. మన ఊరిలో ఆ కాయలు మేకలకు తప్ప ఎవరికీ పట్టవు. నాగజెముడు పండ్ల రసాన్ని ఎర్రని షరబత్తుగా ఇస్తారు. చిన్నతనంలో పొలాల గట్ల మీద ఆ పండ్లు తిని, నాలుక ఎర్రబడి అమ్మీ చేత దెబ్బలు తిన్న మేము, గ్లాసు షరబత్తుకు నాలుగు వందల రూపాయలకు పైగా చెల్లించినప్పుడు ఆమె ఉంటే ఏమనేదో ఊహించుకున్నాము.

పట్టీలో రెండు చుక్కలు పెట్టి ఉన్న చోటు బార్రియో బ్రెడ్ అనే రొట్టెల దుకాణం. డాన్ గెర్రా అనే ఆయన నడుపుతున్నారు. పూర్వం బడిపంతులు. ఉద్యోగం వదిలి తన ఇంటి గ్యారేజీలో రొట్టెలు కాల్చడం మొదలుపెట్టి, 2022లో దేశంలోనే ఉత్తమ రొట్టెకారుడిగా జేమ్స్ బియర్డ్ పురస్కారం పొందారు. సొనోరా తెల్ల గోధుమ అనే పాత రకాన్ని ఈ ప్రాంతపు రైతుల చేత పండింపజేసి, ఈస్టు బదులు పులిసిన పిండితోనే రొట్టె చేస్తారు. పై పెచ్చు గట్టిగా, లోపల మెత్తగా, కాస్త పుల్లగా ఉంటుంది. ఉదయం వరుసలో నిలబడితే గాని దొరకదు. వరుసలో నిలబడి, పంతులు ఉద్యోగం వదలివేస్తే మనకు ఏ పని చేతనవునా అని కొంతసేపు ఆలోచించాము. జవాబు రాలేదు.

మాంసం తినాలనుకునే రోజు రెండు దారులు. విశ్వవిద్యాలయానికి దగ్గరలోనే మస్జిద్ ఉంది. జుమా నాడు అక్కడ సొమాలీలు, సిరియన్లు, పాకిస్తానీలు, మన దక్కనీ మాట్లాడే పిల్లలు అందరూ కనబడతారు. ఎవరు ఏ హలాల్ దుకాణంలో మాంసం కొంటారో, ఎవరిని నమ్మవచ్చో అక్కడ అడిగితే తెలుస్తుంది. దుకాణాలు మారుతూ ఉంటాయి కనుక పేర్లు రాయడం కంటె ఈ మాటే ఎక్కువ కాలం పనికివస్తుంది. రెండవది, అక్కడి అరబ్బు అంగళ్ళలో కొని ఇంట్లో వండుకోవడం. మేనల్లుడు ఇప్పుడు ఖుష్కా, దాల్చా బాగానే వండుతున్నాడు. చింతపండు మాత్రం తక్కువ వేస్తాడు.

బయట తృప్తిగా కూర్చొని తిన్నది ఇథియోపియా వారి భోజనం. జెమామ్స్, కెఫే డెస్టా అనే రెండు పేర్లు ఊరివారు చెబుతారు. పెద్ద పళ్ళెం నిండా ఇంజెరా అనే రొట్టె పరుస్తారు. టెఫ్ అనే సన్న ధాన్యపు పిండిని పులియబెట్టి పోసినది. ఒకవైపే కాల్చిన ఊతప్పం అనుకోవచ్చు. దాని మీద ఎర్ర కందిపప్పు వంటి పప్పు, శనగపిండి కూర, ఆకుకూర, క్యాబేజీ కుప్పలుగా వడ్డిస్తారు. చెంచా ఉండదు. కుడి చేతితో రొట్టె తుంచి అందరూ ఒకే పళ్ళెంలో తినాలి. హబషీ క్రైస్తవులకు మాంసం, పాలు, నేయి మాని ఉపవాసం ఉండే రోజులు చాలా ఎక్కువ. అందువలన వారి శాకాహారం ఎంతో పరిపూర్ణమైనది. మేము ఆ వంటకాలకే పరిమితమయ్యాము. దైవప్రవక్త (సల్లం) సహచరులకు కష్టకాలంలో ఆశ్రయమిచ్చిన నజాషీ దేశపు తిండి ఇది అని మేనల్లుడికి చెబుతుంటే, పక్క బల్ల మీది హబషీ పెద్దాయన నజాషీ అన్న మాట విని తల తిప్పి చూసి, నవ్వి, చేయి ఎత్తాడు.

పిల్లలున్న వారు రస్పాదో తినిపించవచ్చు. తురిమిన మంచు మీద మామిడి, అనాస ముక్కలు, పాల మీగడ లేదా ఉప్పూకారపు పులుసు వేసి ఇచ్చేది. మన బరఫ్ గోలాకు ధనవంతుడైన సోదరుడు.

ఈ ఎడారిలో ముస్లిముల అడుగుజాడలు కూడా పాతవే. 1539లో స్పెయిన్ వారి బృందానికి ముందు నడిచి ఈ నైరుతి ప్రాంతంలో అడుగుపెట్టినవాడు ఎస్తెబాన్ అనే బానిస. మొరాకోలోని అజెమ్మూర్ అతని జన్మస్థలం. 1856లో అమెరికా సైన్యం ఎడారి రవాణా కోసం ఒంటెలను తెప్పించినప్పుడు, వాటితో వచ్చిన వారిలో హాజీ అలీ ఒకడు. ఇక్కడివారికి ఆ పేరు నోరు తిరగక "హై జాలీ" అన్నారు. అతడు 1880లో ఇదే టూసాన్‌లో ఒక మెక్సికన్ స్త్రీని వివాహమాడాడు. అప్పటికి పౌరసత్వ పత్రాలలో ఫిలిప్ టెడ్రో అయ్యాడు. 1902లో మరణించాడు. క్వార్ట్‌సైట్ అనే ఊరిలో అతని సమాధి మీద పిరమిడ్ కట్టి, పైన ఒంటె బొమ్మ పెట్టారు. ఆ ఊరు దూరం కనుక వెళ్ళలేకపోయాము. అతని భార్య ఇంట్లో గింజలు దేనిలో వేయించేదో అని మేనల్లుడు అన్నాడు. నవ్వు వచ్చింది గాని, నవ్వలేకపోయాము.

ఖర్జూరాల సంగతి చెప్పి ముగిస్తాము. నేడు రమజానులో మన ఇళ్ళకు కూడా చేరుతున్న మెడ్జూల్ రకం మొరాకోది. అక్కడ తెగులు సోకి ఆ చెట్లు నశించిపోతున్నప్పుడు, 1927లో స్వింగిల్ అనే శాస్త్రవేత్త పదకొండు పిలకలు అమెరికాకు తెచ్చాడు. వాటిని నెవాడాలో విడిగా పెంచగా తొమ్మిది బతికాయి. అరిజోనాలోని యూమా, పక్కనున్న కాలిఫోర్నియా ఎడారులలోని మెడ్జూల్ తోటలకు ఆ తొమ్మిదే మూలం. మేము రెండు కిలోలు కొన్నాము.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు శుక్రవారం. జూన్ ముగిసి జులై వచ్చింది. ఓఓథమ్ ప్రజలు పొడవాటి కర్రలతో సవారో పండ్లు రాల్చుకునే రోజులు అవి. ఆ పండ్లు కోతకు రాగానే వానలు వస్తాయని వారి లెక్క. మృగశిర కార్తె కోసం మన రైతులు చూసినట్లే ఆ ఊరంతా దక్షిణం వైపు చూస్తున్నది. సాయంత్రం మబ్బులు కమ్మి, తడి నేల మీద ఏదో ఔషధం చల్లినట్లు ఒక పొద వాసన గాలిలో వచ్చింది. అప్పుడే చెల్లెలి ఫోను.

మాతో సలాం అయిన తరువాత, "ఏం చూశారు భాయిజాన్?" అన్నది. "వాడు చెబుతాడు" అని ఫోను మేనల్లుడి చేతికి ఇచ్చాము. అతడు వెంటనే అందుకోలేదు. అందుకొని, "అమ్మీ, రెండేళ్ళ కిందటి సంగతి ఒకటి చెప్పాలి" అన్నాడు. మేము బయటి అరుగు మీదికి వచ్చాము. తలుపు తెరిచే ఉంది. అతడు మొత్తం చెప్పాడు, ఆ డబ్బా సంగతీ, నెల సంగతీ, మా పొట్లం సంగతి కూడా. అవతలి నుండి చాలాసేపు ఏ శబ్దమూ లేదు.

తరువాత ఆమె గొంతు వినబడింది. "మూడు వారాలు అరటిపండ్లు తిని ఉన్నావా బేటా? ఒక్క మాట చెప్పి ఉంటే పప్పు ఎలా ఉడికించాలో నేను చెప్పనా?"

మా సహధర్మచారిణి లోపలికి వెళ్ళి అతని చేతిలోని ఫోను తీసుకున్నది. టెపరీ గింజలు ఎంతసేపు నానాలో, పోపులో ఏం వేయాలో వదినా మరదళ్ళు ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఆలోగా వాన మొదలైంది.